చాయ్ వేడిగా ఉండాలంటే ఏది కొనాలి? కొనే ముందు వంటింట్లో చేసి చూడాల్సిన పరీక్షలు

యాసంగి నాట్లు మొదలైతే మా ఇంట్లో పొద్దున పది గంటల చాయ్ పెద్ద పని. పరకాల దగ్గర మా పొలంలో పన్నెండు మంది ఆడవాళ్లు మోకాలి లోతు బురదలో వంగి నాట్లు వేస్తుంటారు. జనవరి చలి, కాళ్ల కింద చల్లటి నీళ్లు. ఇంటి నుంచి గట్టు దాకా నడిస్తే ముప్పావు గంట. పొయ్యి మీంచి దించినప్పుడు పొగలు కక్కే చాయ్ అక్కడ గిలాసల్లో పోసేసరికి గోరువెచ్చగా అయిపోయేది. "ఇంత దూరం మోసుకొచ్చి సల్లటి చాయ్ పోస్తే వాళ్లకు ఏం పానం లేస్తది బిడ్డా" అని అమ్మ ఏటా బాధపడేది.

నేను హనుమకొండలో హైస్కూలు పిల్లలకు సైన్సు చెబుతాను. అమ్మ కోసం మంచి ఫ్లాస్కు కొందామని చౌరస్తాలో ఒక దుకాణానికి పోతే, అయిదారు రకాలు ముందు పెట్టారు. లోపల గాజు ఉన్నది, లోపలా బయటా స్టీలున్నది, పైన ప్లాస్టిక్ ఉన్న పెద్ద జగ్గు, రెండు పొరల గిలాస. దాదాపు అన్నిటి డబ్బా మీదా ఇన్ని గంటలు వేడి అని రాసి ఉంది. ఎంత వేడి? నిండుగా పోస్తేనా, సగం పోస్తేనా? ఆ సంగతి ఎక్కడా లేదు. ఏమీ కొనకుండా ఇంటికొచ్చేశాను. తర్వాత రెండు ఆదివారాలు మా పాపతో కలిసి వంటింట్లో కొలతలు తీశాం. వాటి వల్ల తెలిసిన ముఖ్యమైన సంగతి ఇది: పాత్ర దేంతో చేశారన్నది తర్వాతి మాట, వేడి ఎటు నుంచి పోతోందో ముందు చూడాలి. అది తెలిస్తే కొన్నిసార్లు కొత్త వస్తువు కొనే అవసరమే ఉండదు.

ముందు కావలసినవి

వంటకు వాడే, కొనకు సూది ఉండే డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొనండి. జ్వరం చూసే పాత పాదరసం థర్మామీటర్‌ను మాత్రం వేడి నీళ్లలో ముంచకండి. అది 42 డిగ్రీల దాకా కొలవడానికే చేసింది. మరిగే నీళ్లలో పెడితే పగిలి పాదరసం బయటికొస్తుంది. కొత్త థర్మామీటర్ సరిగా ఉందో లేదో చూడటం తేలిక. ఐసు ముక్కలు కలిపిన నీళ్లలో సున్నా దగ్గర చూపాలి. తెర్లుతున్న నీళ్లలో 99 దగ్గర చూపాలి. వరంగల్ సముద్ర మట్టానికి సుమారు 270 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు నూరుకు ఒక డిగ్రీ తక్కువకే మరుగుతాయి.

ఒక గ్రాము తేడా చూపే వంటింటి కాటా, ఫోన్‌లో టైమర్, ఒక నోటుబుక్కు ఉంటే చాలు. పరీక్షలకు చాయ్ వద్దు, మంచినీళ్లే వాడండి. పాలు వృథా కావు, మీగడ కట్టి లెక్క తప్పించదు. ఒకసారి ఒక్క సంగతే మార్చాలి. మూత సంగతి చూస్తుంటే గిలాసలు, నీళ్లు, చోటు అన్నీ ఒకేలా ఉండాలి. సీలింగ్ ఫ్యాన్ తప్పకుండా ఆపేయండి. మొదటి ఆదివారం మేం ఫ్యాన్ కింద ఒక గిలాస, గోడ పక్కన ఒక గిలాస పెట్టి గంటసేపు తీసిన కొలతలన్నీ పక్కన పడేయాల్సి వచ్చింది. మరిగే నీళ్లు పోసే పని పెద్దవాళ్లదే. పిల్లలకు టైమర్, నోటుబుక్కు ఇవ్వండి.

మొదటి పరీక్ష: మూత

ఒకే రకం స్టీలు గిలాసలు రెండు తీసుకొని, ఒక్కో దాంట్లో 150 మిల్లీలీటర్ల మరిగిన నీళ్లు పోయండి. ఒకదాని మీద చిన్న ప్లేటు బోర్లించండి. రెండోది తెరిచే ఉంచండి. ఇరవై నిమిషాల తర్వాత మాకు రెండింటి మధ్య దాదాపు పది డిగ్రీల తేడా వచ్చింది. ఒక్క పైసా ఖర్చు లేకుండా పది డిగ్రీలు.

ఎందుకని? తెరిచిన గిలాసను కాటా మీద పెట్టి చూడండి, జవాబు అక్కడే దొరుకుతుంది. ఇరవై నిమిషాల్లో మూడు నాలుగు గ్రాముల నీళ్లు ఆవిరై పోతాయి. అది చెంచాడు కూడా కాదు. కానీ నీరు ఆవిరి కావడానికి చాలా వేడి కావాలి, ఆ వేడిని మిగిలిన నీళ్ల నుంచే లాక్కుంటుంది. ఒక్క గ్రాము ఆవిరైతే 150 మిల్లీలీటర్ల నీళ్లు మూడున్నర నుంచి నాలుగు డిగ్రీలు చల్లారతాయి. ఎండాకాలం మన రంజన్‌లో నీళ్లు చల్లగా ఉండటానికీ కారణం ఇదే. మట్టి గోడలోంచి చెమ్మ బయటికొచ్చి ఆవిరవుతూ లోపలి నీళ్ల వేడిని పట్టుకుపోతుంది. మే నెలలో మనకు మేలు చేసే పని జనవరిలో చాయ్ గిలాస పైన కీడు చేస్తుంది. ఈ సంగతి చెప్పగానే మా పాప వెళ్లి రంజన్‌ను ముట్టుకొని చూసొచ్చింది. పాఠం అలా చేతికి తగలాలని నా కోరిక.

కాబట్టి గిలాసైనా, కప్పైనా, క్యానైనా కొనేటప్పుడు మూత ఎంత బిగువుగా కూర్చుంటుందో మొదట చూడండి. మూత లేని ఖరీదైన రెండు పొరల కప్పు కంటే ప్లేటు కప్పిన మామూలు గిలాస చాలాసార్లు మెరుగు. మీ ఇంట్లో ఉన్న కప్పుతో ఈ పోటీ పెట్టి చూడండి.

రెండో పరీక్ష: స్టీలా, పింగాణీయా, ఇత్తడా, మట్టా?

ఇక్కడ చాలామంది అనుకునేదొకటి, జరిగేదొకటి. స్టీలు గిలాస పట్టుకుంటే చెయ్యి కాలుతుంది, పింగాణీ కప్పు కాలదు. అందుకని పింగాణీలో చాయ్ ఎక్కువసేపు వేడిగా ఉంటుందని అనుకుంటాం. కానీ పోసిన వెంటనే ఏం జరుగుతుందో చూడండి. బరువైన పింగాణీ కప్పు తాను వేడెక్కడానికి చాయ్ వేడినే తాగేస్తుంది. 300 గ్రాముల కప్పు 25 డిగ్రీల గదిలో ఉందనుకుందాం. అందులో 90 డిగ్రీల నీళ్లు 200 మిల్లీలీటర్లు పోస్తే, కప్పు మొత్తం వేడెక్కేసరికి రెండూ 75 డిగ్రీల దగ్గర కలుస్తాయని లెక్క చెబుతుంది. అంటే మొదటి కొన్ని నిమిషాల్లోనే పదిహేను డిగ్రీలు పోయినట్టు. నూరు గ్రాముల స్టీలు గిలాస అదే పనికి నాలుగు డిగ్రీలకు మించి తీసుకోదు.

పింగాణీ కప్పు పనికిరాదని దీని అర్థం కాదు. చాయ్ పోసే ముందు దాన్నిండా వేడి నీళ్లు పోసి రెండు నిమిషాలుంచి పారబోయండి. ఆ పదిహేను డిగ్రీల అప్పు వేడి నీళ్లు తీరుస్తాయి, చాయ్ తీర్చాల్సిన అవసరం ఉండదు. ఒక కప్పు వేడి చేసి, ఒకటి చేయకుండా పక్కపక్కన పెట్టి కొలవండి. నేను చేసిన పరీక్షలన్నిటిలో పిల్లల కళ్లు బాగా పెద్దవైంది దీనికే.

ఇత్తడి సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. పెంబర్తి ఇత్తడి పని చూసి పెరిగిన ప్రాంతం మనది. చాలా ఇళ్లల్లో పాత ఇత్తడి చెంబులు, గిన్నెలు ఉన్నాయి. ఇత్తడి స్టీలు కంటే ఏడెనిమిది రెట్లు వేగంగా వేడిని పారనిస్తుంది. మరి చాయ్ ఏడెనిమిది రెట్లు వేగంగా చల్లారాలి కదా? చల్లారదు. పలుచని లోహపు గోడను దాటడం వేడికి ఎలాగూ తేలికే. అసలు అడ్డంకి పాత్ర బయట అంటుకొని ఉండే గాలి పొర. ఆ పొరను దాటడం స్టీలుకైనా ఇత్తడికైనా ఒకేలా ఉంటుంది. పైగా చింతపండుతో తోమి తళతళలాడే ఇత్తడి, మసి పట్టిన గిన్నె కంటే తక్కువ వేడిని కిరణాలుగా బయటికి పంపుతుంది. ఒకే సైజు గిన్నెలు రెండు, ఒకటి మసి పట్టింది, ఒకటి మెరిసేది దొరికితే మూతలు పెట్టి పోల్చి చూడండి. ఒక్క హెచ్చరిక: కళాయి లేని ఇత్తడిలో పాలు, నిమ్మకాయ పిండిన చాయ్ లాంటివి నిలవ ఉంచవద్దు.

మట్టి కప్పు రుచికి, వాసనకు బాగుంటుంది. వేడికి కాదు, రంజన్ బంధువే అది. కాగితం కప్పు అయిదు నిమిషాల వస్తువు.

మూడో పరీక్ష: చుట్టడం

"దుప్పటి వేడి ఇస్తది కదా డాడీ" అని మా పాప అడిగింది. పిల్లలే కాదు, పెద్దలు కూడా అలాగే అనుకుంటారు. థర్మామీటర్‌ను ఒక్కదాన్నే ఉన్ని దుప్పట్లో అరగంట చుట్టి పెట్టాం. గది వేడి ఎంతుందో అంతే చూపింది. తర్వాత రెండు ఐసు ముక్కలు తీసుకొని ఒకటి ప్లేటులో, ఒకటి ప్లాస్టిక్ కవరులో వేసి అదే దుప్పట్లో చుట్టాం. ప్లేటులోది కరిగిపోయినా దుప్పట్లోది ఇంకా ముక్కగానే ఉంది. దుప్పటి వేడిని ఇవ్వదు, వేడి అటూ ఇటూ దాటకుండా ఆపుతుంది. ఈ పని చేసేది కూడా బట్ట కాదు, బట్టలో చిక్కుకొని కదలకుండా ఉన్న గాలి.

ఇది అర్థమైతే ఏం వాడాలో మీకే తెలుస్తుంది. గాలిని ఎక్కువగా పట్టి ఉంచేదేదైనా పనికొస్తుంది: పత్తి, ఉన్ని, కొత్తవాడ మందపాటి దర్రీ ముక్క, వరిగడ్డి, వడ్ల ఊక. గట్టిగా బిగించి చుడితే గాలి పోయి గుణం తగ్గుతుంది. తడిస్తే ఇంకా నష్టం. నీరు గాలి కంటే ఇరవై రెట్లకు పైగా వేడిని పారనిస్తుంది, పైగా ఆ తడి ఆవిరవుతూ చల్లబరుస్తుంది. చాయ్ ఒలికి తడిసిన టవల్‌తో క్యాన్ చుట్టడం కంటే అసలు చుట్టకపోవడమే నయం.

ఉత్తర తెలంగాణలో వరిగడ్డికి కొదవ లేదు. ఒక లోతైన గంప అడుగున జానెడు మందాన పొడిగడ్డి పరిచి, మధ్యలో మూత బిగించిన స్టీలు క్యాన్ పెట్టి, చుట్టూ గడ్డి వదులుగా కూరి, పైన మందపాటి బట్ట కప్పండి. పైన కప్పడం మరవొద్దు. చాలామంది చుట్టూ చుట్టి పైభాగం వదిలేస్తారు, వేడి అటు నుంచే పోతుంది. ఒకే రకం క్యాన్లు రెండు దొరికితే ఒకటి గంపలో, ఒకటి బయట పెట్టి గంట తర్వాత మూత తీసి కొలవండి. మా అమ్మ థర్మామీటర్ చూడలేదు. గంపలోని క్యాన్ మూత తీసినప్పుడు లేచిన పొగ చూసి, "ఇన్నేండ్లు ఈ గడ్డిని ఎడ్లకు వేసినం గని ఈ పని ఎరగకపోతిమి" అంది.

నాలుగో పరీక్ష: ఫ్లాస్కు

ఆరు గంటలు, పది గంటలు వేడి నిలవాలంటే గడ్డి చాలదు, ఫ్లాస్కు కావాల్సిందే. 1892లో జేమ్స్ డ్యువార్ అనే శాస్త్రవేత్త లండన్‌లో దీన్ని చేసింది చాయ్ కోసం కాదు, అతి చల్లటి ద్రవాలు వేడెక్కకుండా దాచడానికి. థర్మాస్ అనే పేరుతో ఇళ్లకు వచ్చింది 1904 తర్వాత, జర్మనీలో. రెండు గోడల మధ్య గాలి తీసేస్తే (ఆ ఖాళీనే వాక్యూమ్ అంటారు) వేడి పారడానికి దారి ఉండదు. గోడకు వెండి పూతో, మెరుపో ఉంటే కిరణాలు వెనక్కి తిరుగుతాయి. ఇక మిగిలేవి మెడ, మూత. మంచి ఫ్లాస్కులో వేడి ముఖ్యంగా ఈ రెండు చోట్ల నుంచే పోతుంది. అందుకే ఫ్లాస్కును సంచిలో పడుకోబెట్టకుండా నిలబెట్టి ఉంచండి. పడుకోబెడితే వేడి నీళ్లు నేరుగా మూతకు తగులుతాయి.

దుకాణంలో అడగాల్సిన మాట ఒక్కటే: లోపల వాక్యూమ్ ఉందా, లేక రెండు పొరల మధ్య ఉత్త గాలో, ఫోమో ఉందా? రెండు పొరలు అన్నంత మాత్రాన వాక్యూమ్ కాదు. ఇంటికి తెచ్చాక మరిగే నీళ్లు నిండా పోసి మూత బిగించి, పది నిమిషాల తర్వాత బయటి గోడను నడుమ దగ్గర ముట్టుకోండి. మెడ దగ్గర కాస్త వెచ్చగా ఉంటే పరవాలేదు. నడుమ, అడుగు వెచ్చబడితే వాక్యూమ్ లేదనో, పోయిందనో అర్థం. బిల్లు దాచుకొని ఈ పరీక్ష మొదటి రోజే చేయండి. ఇంట్లో ఉన్న పాత ఫ్లాస్కు గుణం తగ్గిందా అన్న అనుమానానికి కూడా ఇదే పరీక్ష.

గాజు ఫ్లాస్కా, స్టీలు ఫ్లాస్కా అంటే నా మాట ఇది. గాజు వేడిని చాలా తక్కువగా పారనిస్తుంది కాబట్టి మెడ దగ్గర నష్టం తక్కువ, వాసన పట్టదు. ఇంట్లో ఒకచోట కదలకుండా ఉండేదైతే గాజుది చక్కగా పనిచేస్తుంది. కానీ కింద పడితే పగులుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఒక్కసారిగా మరిగే నీళ్లు పోసినా పగలొచ్చు. ఊపితే లోపల గలగలమంటే అందులోంచి ఒక్క చుక్క కూడా తాగొద్దు. బస్సు, బండి, పొలం, పిల్లల సంచి అయితే స్టీలుదే తీసుకోండి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

సైజు విషయంలో చాలామంది పొరబడతారు. పనికొస్తుందిలే అని పెద్దది కొని సగం నింపుతాం. మేం ఒకే లీటరు ఫ్లాస్కును ఒక రాత్రి నిండా, మరో రాత్రి సగం నింపి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా ఉంచాం. సగం నింపినప్పుడు తగ్గిన డిగ్రీలు నిండుగా ఉన్నప్పటికి దాదాపు రెట్టింపు. బయటికి పోయే వేడి రెండు రాత్రులూ సుమారు అంతే, కానీ రెండో రాత్రి ఆ నష్టాన్ని భరించే నీళ్లు సగమే. అందుకే రెండు లీటర్లను రెండుసార్లుగా తాగేవాళ్లకు రెండు లీటర్ల ఫ్లాస్కు ఒకటి కంటే లీటరువి రెండు మేలు. మొదటిది ఖాళీ చేసేదాకా రెండోది మూత తీయకుండా నిండుగా ఉంటుంది. ఒకేసారి అందరికీ పోసేసేదైతే పెద్దది ఒకటే మంచిది, నీళ్లు ఎక్కువ ఉన్నకొద్దీ ఆలస్యంగా చల్లారతాయి.

కప్పుకు చెప్పినట్టే ఫ్లాస్కునూ ముందు వేడి నీళ్లతో అయిదు నిమిషాలు వెచ్చబెట్టండి. చలికాలం పొద్దున ఇది తప్పనిసరి.

మరి మీకు ఏది?

ఇంట్లో కూర్చొని పావుగంటలో తాగేవాళ్లు ఏమీ కొనొద్దు. స్టీలు గిలాస మీద ప్లేటు పెట్టుకోండి. పనుల మధ్య అరగంట, ముప్పావు గంట గుక్కగుక్కగా తాగే అలవాటుంటే మూత ఉన్న వాక్యూమ్ గిలాస కొనండి.

పొలానికి, పెళ్లి పనులకు, కల్లానికి గంట, గంటన్నర దూరం మోసేవాళ్లకు స్టీలు క్యాన్, గడ్డి గంప చాలు. ఫోమ్ పొర ఉన్న పెద్ద ప్లాస్టిక్ జగ్గు తేలిగ్గా ఉంటుంది, కుళాయి ఉంటే పోయడం సులువు. గంప మోసే ఓపిక లేకపోతే అది తీసుకోండి. హోటల్ నుంచి పల్చటి ప్లాస్టిక్ కవర్లలో వేడి చాయ్ పార్సిల్ కట్టించుకునే అలవాటు మాత్రం దయచేసి మానండి, చిన్న స్టీలు ఫ్లాస్కు వెంట తీసుకుపోండి.

భూపాలపల్లిలో రాత్రి డ్యూటీకి పోయేవాళ్లు, మేడారం జాతరకు చలిలో ప్రయాణం చేసేవాళ్లు, ఆసుపత్రిలో రోగి పక్కన రాత్రంతా ఉండేవాళ్లు అర లీటరు లేదా లీటరు స్టీలు వాక్యూమ్ ఫ్లాస్కు తీసుకోండి. కానీ అందులో ఏం పోస్తారన్నది కూడా ముఖ్యమే. పాల చాయ్‌ను గంటల తరబడి నిలవ ఉంచడం నాకు ఇష్టం లేదు. 60 డిగ్రీల కింద, ఇంకా వెచ్చగానే ఉన్న పాలలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి, పైగా రుచి చెడుతుంది. రెండు గంటలు దాటేదైతే ఫ్లాస్కులో వేడి నీళ్లే పోసుకొని, చాయ్ పొడి సంచులో, శొంఠి పొడో, పాలపొడో విడిగా పట్టుకుపోండి.

పసిపిల్లలకు డబ్బా పాలు కలిపేవాళ్లు ఒక రాత్రి పరీక్ష తప్పక చేయాలి. పొడి కలిపే నీళ్లు 70 డిగ్రీలకు తగ్గకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, పొడిలో ఉండే సూక్ష్మజీవులు చావడానికి. కలిపాక చల్లార్చి పట్టాలి. రాత్రి పదింటికి పోసిన నీళ్లు మూడింటికి మీ ఫ్లాస్కులో ఎంతున్నాయో కొలవండి. 70 పైన ఉంటేనే ఆ ఫ్లాస్కు ఆ పనికి పనికొస్తుంది. వేలు పెట్టి చూసి చెప్పే సంగతి కాదిది.

మంచి ఫ్లాస్కు వచ్చాక పెద్దవాళ్లకు ఇంకో జాగ్రత్త కావాలి. అందులోంచి వచ్చే చాయ్ 80 డిగ్రీలుండొచ్చు. 65 డిగ్రీలకు మించిన పానీయాలు తాగడం అన్నవాహిక క్యాన్సర్‌కు దారి తీయవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2016లో ప్రకటించింది. ఫ్లాస్కు మూతి నుంచి నేరుగా తాగకుండా గిలాసలో పోసుకొని, మూత లేకుండా అయిదారు నిమిషాలు వదిలేయండి.

మేం చివరికి కొన్నది అమ్మకు బిగువైన మూత ఉన్న మూడు లీటర్ల స్టీలు క్యాన్, బాపు మందులు మింగడానికి అర లీటరు స్టీలు ఫ్లాస్కు. గంప, గడ్డి ఇంట్లోవే. ఫ్లాస్కు వాడాక మూతలోని రబ్బరు చుట్టును ఊడదీసి కడిగి, మూత తీసే ఆరబెట్టండి. ఆ రబ్బరు వదులైతే ఎంత మంచి వాక్యూమ్ ఉన్నా ఆవిరి అక్కడి నుంచే పోతుంది. చాలా రకాలకు ఆ రబ్బరు విడిగా దొరుకుతుంది, కొనేటప్పుడే ఒకటి అదనంగా అడిగి తీసుకోండి.